కుంచికాసంజీవని: మూడు వాక్యాల సందేశానికి టీకా తాత్పర్యము

అవతారిక

కొలచల మల్లినాథసూరి వ్యాఖ్యానం మొదలుపెట్టే ముందు ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిదేదీ రాయను, అక్కర్లేనిదేదీ చెప్పను అని. ఆయనకేం, దొరికిన మూలం కాళిదాసుది. నాకు దొరికింది సర్టిఫికెట్లు అమ్మే ఒకానొక కంపెనీ సహాయ విభాగంవారు పంపిన వాట్సాప్ సందేశం. అందుచేత ఆ ఒట్టులో మొదటి సగమే నా వల్ల అవుతుంది. రెండో సగానికి ఇప్పుడే నీళ్ళు వదులుతున్నాను.

సందర్భం ఇది. నేను తెలుగు పండితుడిగా చేసి రిటైరై కశింకోటలో ఉంటున్నాను. నా పాత శిష్యులు కొందరు పేదపిల్లల ఫీజుల కోసం ఒక సంఘం పెట్టి, దానికో వెబ్‌సైటు పెట్టి, ఖాళీగా కనిపించిన పాపానికి నన్ను కార్యదర్శిని చేశారు. సైటు ఉండేది అద్దెకు తీసుకున్న విండోస్ సర్వరులో. దాని మంచిచెడ్డలు చూసేది విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు. అదీ ఆదివారాలు మాత్రమే.

ఒకరోజు పొద్దున్నే అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టున్న శిష్యుడొకడు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మన సైటు తెరిస్తే ఎర్రగా ఏటో వస్తందండి. దొంగలు మన ఇవరాలు పట్టుకుపోతారని రాసుందండి. ఈ ఫోన్లోనే నా బేంకు కూడా ఉంది. డబ్బులు పోవు కదేటి?"

"పోవురా" అన్నాను. ఎందుకు పోవో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసింది, సైటుకున్న ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ గడువు ఆ వేకువనే తీరిందట. గడువుకు గ్రీనిచ్ అర్ధరాత్రి లెక్క. మనకది తెల్లవారి 5.30. కోవెల మైకులో సుప్రభాతం అందుకునేసరికి మా సైటు దొంగలకొంప అయిపోయింది. కొత్తది కొన్నాం. ఎక్కించాం. ఎక్కలేదు. కంపెనీవారికి రాశాం. ఆరు రోజులకు మూడు వాక్యాల జవాబు వచ్చింది.

మూలము

"డియర్ సర్, సర్టిఫికెట్ ఆల్రెడీ ఇష్యూ అయినది. ఇష్యూ మీ ఎండ్‌లో ఉన్నది. బైండింగ్ చెక్ చేసి కన్ఫర్మ్ చేయగలరు."

ఇది ఇంగ్లీషు అక్షరాల తెలుగులో వచ్చింది. మన లిపిలోకి దించింది నేను కనక దీర్ఘాలకూ ద్విత్వాలకూ పూచీ నాది. కర్త ఎవరో తెలియదు. కింద 'టీమ్ సపోర్ట్' అని సంతకం ఉంది. భారతం ముగ్గురు రాసినా ఎవరు ఏ పర్వం రాశారో చెప్పగలం. ఈ మూడు వాక్యాల్లో ఎవరు ఏది రాశారో చెప్పే ఆధారం లేదు.

టీక

డియర్ సర్: స్పష్టము. (అర్థం కానిచోటే వ్యాఖ్యాతలు 'స్పష్టము' అని దాటేస్తారని మా గురువుగారు చెప్పేవారు.)

సర్టిఫికెట్: ధ్రువపత్రము. ధ్రువము, అనగా కదలనిది. ఆకాశంలో అందరూ తిరుగుతుంటే తానొక్కడూ తిరగని ఉత్తానపాదుడి కొడుకు పేరు మీద వచ్చిన మాట. రెవెన్యూ ఆఫీసులో ఇచ్చే కుల ధ్రువపత్రానికి ఆ పేరు తగును. ఈ వెబ్ ధ్రువుడికి మాత్రం ఆయుర్దాయం ఏటికేడాదీ తగ్గిపోతోంది. 2020 సెప్టెంబరు నుంచి గరిష్ఠంగా 398 రోజులు. బ్రౌజర్లు చేసేవారూ సర్టిఫికెట్లు ఇచ్చేవారూ కలిసి కూర్చునే సీఏ బ్రౌజర్ ఫోరం అనే సభవారు 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. భూతసంఖ్యలో చెప్పాలంటే 'మునివేద' దినములు. మునులు ఏడుగురు, వేదాలు నాలుగు, అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. నలభై ఎనిమిది రోజులను మండలమనే వైద్యుల లెక్కలో ఇది మండలానికి ఒకరోజు తక్కువ. మందు పూర్తయ్యేలోపు రోగికి గడువు తీరిపోతుంది.

గడువు తగ్గించడానికి వారు చెప్పే కారణం సబబైనదే: దొంగిలించినది ఎక్కువకాలం చెల్లకూడదని. అయితే ఇన్నిసార్లు మార్చడం మనిషి చేతి పని కాదు, యంత్రమే చేసుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 డిసెంబరు నుంచి తొంభై రోజుల సర్టిఫికెట్లను ఊరికే ఇస్తోంది. విండోస్ సర్వరులో అయితే విన్-యాక్మే అనే పనిముట్టు వాటిని తెచ్చి, తగిలించి, గడువు దగ్గరపడగానే తానే మార్చేస్తుంది. ఈ రెండు సంగతులూ మేము డబ్బు కట్టేసిన తర్వాత తెలిశాయి.

తేదీ మరచిపోవడం మా ఒక్కరి తప్పేం కాదు. విండోస్ తయారుచేసినవారే మరిచారు. 2013 ఫిబ్రవరి 22న మైక్రోసాఫ్ట్‌వారి అజూర్ నిల్వసేవ ప్రపంచమంతటా పడకేసింది, 2020 ఫిబ్రవరి 3న టీమ్స్ తెరుచుకోక ఆఫీసులు చేతులు కట్టుక్కూర్చున్నాయి. రెండింటికీ కారణం సర్టిఫికెట్ గడువే. ఇక్కడ అర్థాంతరన్యాసాలంకారం.

ఇంతకీ ఈ పత్రం దేనికి ధ్రువం? మీరు ఏ పేరు కొట్టారో ఆ పేరుగలవాడితోనే మాట్లాడుతున్నారు, మధ్యలో ఎవరూ చెవి పెట్టలేదు, అన్నంతవరకే. ఆ పేరుగలవాడు మంచివాడని కాదు. ఈ తేడా మన ఊళ్ళలో ఎవరూ చెప్పలేదు. 'తాళం గుర్తుంటే భయం లేదు' అని ఏళ్ళ తరబడి ఊదరగొట్టారు. బ్యాంకు పేరును ఒక అక్షరం మార్చి సైటు పెట్టిన దొంగకీ తాళం గుర్తు వస్తుంది. ఆ పేరు వాడిదే కదా! ఈ అపార్థం ముదిరిందనే 2023లో క్రోమ్‌వారు అసలు ఆ తాళం బొమ్మే తీసేశారు. తీసేసిన సంగతి, తాళం చూడమని నేర్చుకున్న మా శిష్యుడికి ఎవరూ చెప్పలేదు.

ఎస్ఎస్ఎల్: మూలంలో లేదు, బిల్లులో ఉంది. నెట్‌స్కేప్ కంపెనీవారు 1995లో రెండో రూపం, 1996లో మూడో రూపం బయటపెట్టారు. 1999లో దాని స్థానంలోకి టీఎల్ఎస్ వచ్చింది. పాతదాని చివరి రూపాన్ని 2015లో ఇక వాడకూడదని తేల్చారు. అంటే మాకు అమ్మిన వస్తువు పేరు ఎప్పుడో పోయినవాడిది. దీన్ని మోసమనుకోకండి, రూఢి అంటారు. నువ్వుల నుంచి తీసిన నెయ్యి నూనె. నువ్వూ నెయ్యీ కలిస్తేనే ఆ మాట పుట్టింది. ఇప్పుడు కొబ్బరినూనె అంటాం, వేరుశెనగనూనె అంటాం, కిరసనాయిల్ని సైతం కిరసనూనె అంటాం. నువ్వు అన్నిట్లోంచీ ఎప్పుడో జారిపోయింది. అరవవారి ఎణ్ణెయ్ కథా ఇదే, ఎళ్ అంటే నువ్వు. పోయినవాడి పేరు పెట్టుకోవడం మన ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే కనక ఎస్ఎస్ఎల్ అన్నందుకు నాకు కోపం లేదు. నా కోపం వేరే ఉంది, వస్తున్నాను.

వంశము: ప్రతి సర్టిఫికెట్‌కీ ప్రవర ఉంటుంది. మా సైటు పత్రం మీద సంతకం చేసినవాడు మధ్యవర్తి, ఆ మధ్యవర్తి మీద సంతకం చేసినవాడు మూలపురుషుడు. మరి మూలపురుషుడి మీద సంతకం ఎవరిది? వాడిదే. తనకు తానే 'కవిసార్వభౌమ' బిరుదు ఇచ్చుకున్న కవుల్ని మనం ఎరుగుదుం కదా, అలాంటివాడు. ఇంట్లో కూర్చుని మనమే ఒక సర్టిఫికెట్ రాసుకుని మనమే సంతకం పెట్టుకుంటే దాన్ని సెల్ఫ్‌సైన్డ్ అని బ్రౌజరు తరిమేస్తుంది. పెద్దవాడు అదే పని చేస్తే స్వయంభువు అని విండోస్ తన గర్భగుడిలో ప్రతిష్ఠించుకుంటుంది.

గర్భగుడిలోని దేవుడికీ ఒకసారి మైల వచ్చింది. మన ప్రభుత్వంలో సర్టిఫికెట్లు ఇచ్చేవారిని అదుపు చేసే కంట్రోలర్ కార్యాలయం మూలపత్రం అప్పట్లో విండోస్ నమ్మే జాబితాలో ఉండేది. దాని కిందివారైన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ మధ్యవర్తి పత్రాల నుంచి గూగుల్ పేర్ల మీద, యాహూ పేరు మీద దొంగ సర్టిఫికెట్లు పుట్టాయి. 2014 జులై 2న గూగుల్‌వారు కనిపెట్టారు. మర్నాడే ఇక్కడ ఆ మధ్యవర్తుల్ని రద్దు చేశారు, 10వ తేదీన మైక్రోసాఫ్ట్ నమ్మకం ఉపసంహరించుకుంది. ఫైర్‌ఫాక్స్‌కు తన జాబితా తనకుంది, అందులో ఈ మూలపురుషుడు లేడు, కనక దానికి ఏ అంటూ తగల్లేదు. ఎవరి గోత్రాలు వారు చూసుకోవాలన్నమాట.

ఈ వంశవృక్షంలో మధ్యవర్తి పత్రాన్ని కూడా సర్వరులో పెట్టాలి. తప్పిపోయిన తండ్రిని కొన్ని బ్రౌజర్లు తామే వెతికి తెచ్చుకుంటాయి, కొన్ని వెతకవు. అందుకే మేనల్లుడి కంప్యూటర్లో అంతా సవ్యంగా ఉండి, పక్కవాడి ఫోన్లో ఎరుపు వస్తుంది. 'నాకు బాగానే వస్తోందండి' అనే జవాబుకు ఇది శాస్త్రాధారం.

ఆల్రెడీ: అవ్యయము. అవతలివాడు ఆలస్యంగా అర్థం చేసుకున్నాడని ధ్వని. ఆరు రోజులు పలకనివాడు వాడితే అసంగతి.

ఇష్యూ... ఇష్యూ: భళా! మొదటి ఇష్యూ జారీ, రెండో ఇష్యూ గొడవ. అక్షరసముదాయం ఒకటే, అర్థం వేరు, అదే యమకం. యమకం కోసం చెమటోడ్చిన ప్రబంధకవులు ఎందరో ఉన్నారు. ఈ మహానుభావుడు బస్సులో నిలబడి బొటనవేలితో సాధించాడు. పైగా జారీ చేసినవాడే గొడవ కూడా జారీ చేశాడని శ్లేష. సహృదయుడైన పాఠకుడు ఇక్కడ తల ఊపాలి. నేను ఊపాను. తర్వాత మళ్ళీ చదివి ఫోను బల్లమీద కొట్టాను.

మీ ఎండ్‌లో: మీ కొసన, మీ వైపున. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు దీన్ని 'మీ ఎండలో' అనీ చదవవచ్చు. మే నెలలో శారదానది ఇసుక చూసినవారికి ఆ పాఠాంతరమే సమంజసం. సమస్య మా ఎండలో ఉన్నది, మీరు ఏసీలో ఉన్నారు. అయినా పండితులు కష్టమైన పాఠాన్నే గ్రహించాలంటారు కనక 'ఎండ్' అనే తీసుకుంటున్నాను.

ఈ మాట కొత్తది కాదు. కశింకోటవాడినై ఉండి దీని చరిత్ర చెప్పకుండా వదలలేను. మా ఊళ్ళో ఈ మాట పుట్టి 260 ఏళ్ళు దాటింది. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి. అందులో గెలిచీ గుడారంలో ప్రాణం పోగొట్టుకున్నాడు విజయనగరం ప్రభువు విజయరామరాజు. తర్వాత వచ్చిన ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివారి మీద మనసు విరిగింది. వారి చేతిలోంచి విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువారికిస్తాను రమ్మని మద్రాసుకు కబురంపాడు. మద్రాసువారు పలకలేదు. బెంగాలుకు రాశాడు. అక్కడ క్లైవు విన్నాడు, కర్నల్ ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. ఫోర్డ్ 1758 అక్టోబరులో విశాఖపట్నంలో దిగి, రాజుగారి దండు విడిసివున్న చోటికి నడిచివచ్చాడు. ఆ చోటు కశింకోట. ఇక్కడే ఇద్దరికీ సంధి.

సంధి అన్నాను కనక ఒక్క మాట. వ్యాకరణంలో రెండు అచ్చులు కలిస్తే పూర్వస్వరం పోవచ్చు, పరస్వరం పోవచ్చు, ఎవరో ఒకరు పోతారు. రాజకీయంలో ఎవరు పోతారో సంధి రాసేటప్పుడు తెలియదు. ఈ సంధి ప్రకారం దండు ఖర్చు రాజుగారిది. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించారు. గెలిచాక ఫోర్డ్ డబ్బడిగాడు. రాజుగారు ఇదిగో అదిగో అన్నారు. డబ్బు వస్తేగాని కదలనని ఈయన, కదిలితేగాని డబ్బేమిటని ఆయన. చివరికి షరతులు మార్చి రాసుకుని ముందుకు నడిచి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నారు. మధ్యలో ఆ జాప్యం అంతా ఏమిటి? ఇష్యూ మీ ఎండ్‌లో ఉన్నది అని ఒకరు, కాదు మీ ఎండ్‌లోనే అని ఇంకొకరు. తేడా ఒక్కటే. వాళ్ళిద్దరికీ అవతలివాడెవరో పేరుతో సహా తెలుసు. మాకు ఆ భాగ్యం లేదు. మాకు టికెట్ నంబరు ఇచ్చారు.

నేను వదిలిపెట్టిన విషయం ఏమిటి? సర్టిఫికెట్. అవును.

బైండింగ్: బంధము. విండోస్ సర్వరులో సైట్లను నడిపే ఐఐఎస్‌కు ఉండే మేనేజరులో సైటు పేరు మీద నొక్కితే కుడిపక్కన కనబడే మాట. చిరునామా, ద్వారం, పేరు, సర్టిఫికెట్, ఈ నాలుగింటినీ ఒకదానికొకటి కట్టడం. ద్వారసంఖ్య 443, భూతసంఖ్యలో 'గుణవేదాబ్ధి'. ఇది అలంకారశాస్త్రంలోని బంధకవిత్వమే. నాగబంధంలో పాము మెలి తిరిగినచోట ఒకే అక్షరం రెండు పాదాలకూ సరిపోవాలి. ఒక్కటి తప్పితే పాము కాదు, తాడు. ఇక్కడా అంతే: పేరులో ముందు 'డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ' ఉన్నది వేరు, లేనిది వేరు. రెండు పేర్లూ సర్టిఫికెట్‌లో ఉండాలి. 'కామన్ నేమ్' అనే గడిలో రాస్తే చాలుననుకోకండి. 2017 నుంచి క్రోమ్ ఆ గడివైపు చూడడమే మానేసి, పక్కనుండే మారుపేర్ల జాబితానే చదువుతోంది.

పూర్వం ఇంకో ఇబ్బంది ఉండేది. ఒక వాకిట్లో నాలుగు వాటాలున్నాయనుకోండి. వచ్చినవాడు ఎవరి కోసం వచ్చాడో చెప్పకముందే తలుపు తీసి గుర్తింపుకార్డు చూపించాలి. ఎవరి కార్డు చూపించాలి? అందుకని వాటాకో వీధిగుమ్మం పెట్టుకునేవారు, అంటే సైటుకో ఐపీ చిరునామా. ఇప్పుడు వచ్చినవాడు గుమ్మం బయటే పేరు చెబుతాడు. విండోస్‌లో ఈ సదుపాయం 2012 సర్వరుతో వచ్చింది. బైండింగ్ కిటికీలో 'సర్వర్ నేమ్ ఇండికేషన్' అనే చిన్న గడిలో టిక్కు పెట్టాలి. మేము పెట్టాం. బైండింగ్ నాలుగుసార్లు చూశాం. బంధంలో దోషం లేదు.

మరి దోషం ఎక్కడుంది? మూలంలో లేని పదంలో.

అధ్యాహారము: వాక్యంలో లేకపోయినా అర్థం కుదరడానికి వ్యాఖ్యాత తెచ్చి చేర్చుకోవలసిన పదం. ఇక్కడ చేర్చవలసిన పదం 'ప్రైవేట్ కీ'. మా కంపెనీవారు ఆ ఒక్క మాట రాసివుంటే ఈ టీక పుట్టేది కాదు.

కీ అంటే తాళంచెవి, సంస్కృతంలో కుంచిక. తెలుగువాడు తాళానికి రెండు అంగాలు చూశాడు: ఒకటి కప్ప, ఒకటి చెవి. తాళంకప్ప నోరు తెరుచుకునుంటుంది. దాన్ని ఎవరైనా టక్కున నొక్కి మూసేయగలరు. తెరవడం మాత్రం చెవి ఉన్నవాడివల్లే అవుతుంది. ప్రపంచంలో గణితవేత్తలు 1970లలో కనిపెట్టి పొంగిపోయిన జంటతాళాల విద్య అంతా ఈ రెండు మాటల్లో ఉంది. సర్వరు నోరు తెరిచిన కప్పల్ని అడిగినవాడికల్లా పంచుతుంది, మీరు మీ రహస్యం పెట్టెలో పెట్టి ఆ కప్పతో మూసి పంపుతారు, చెవి సర్వరు మొలలోనే ఉంటుంది. (2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో చెవిని పెట్టె తెరవడానికి కాదు, సంతకం పెట్టడానికి వాడతారని మేనల్లుడు సవరించాడు. సవరణ వేస్తున్నాను. కప్పను మాత్రం వదలను.) సర్టిఫికెట్ అంటే 'ఈ కప్ప ఫలానావారిదే' అని పెద్దమనిషి పెట్టిన ముద్ర. ముద్ర కంపెనీవారు పంపుతారు. చెవి వారు పంపరు, పంపకూడదు కూడా. సర్టిఫికెట్ ఇమ్మని కంపెనీకి పంపే రిక్వెస్టు తయారుచేసిన క్షణంలో అది సర్వరులోనే పుట్టి అక్కడే ఉండిపోతుంది.

మా ఇంట్లో జరిగింది ఇది. మేనల్లుడు ల్యాప్‌టాప్ నా రాతబల్ల మీద పెట్టి సర్వరులోకి వెళ్ళాడు. 'కంప్లీట్ సర్టిఫికెట్ రిక్వెస్ట్' నొక్కి, వచ్చిన ఫైలు చూపించి, గుర్తుపేరు రాసి, ఓకే అన్నాడు. జాబితాలో మా సైటు పేరుతో ఒక వరస వచ్చింది. తేదీ సరిగ్గా ఉంది. "అయిపోయింది మావయ్యా" అన్నాడు. జాబితాను తాజా చేద్దామని ఎఫ్5 నొక్కాడు. వరస లేదు. మళ్ళీ చేశాడు. వచ్చింది. ఎఫ్5. లేదు. మూడోసారి నన్ను నొక్కమన్నాడు, చేతివాసి మారుతుందేమోనని. నేనూ నొక్కాను. పోయింది. ఒక్క ముక్క చెప్పదు, ఎర్రగీత లేదు, క్షమించండి లేదు. మేం ఏం తప్పు చేశామో చెప్పకుండా మాయమైపోయింది.

చెవి లేని కప్పను ఐఐఎస్ తన జాబితాలో చూపించదు. కారణం అదీ. దీనికి సర్ట్‌యుటిల్ అనే మంత్రం ఉంది, సర్టిఫికెట్ వరససంఖ్య చెప్పి 'రిపేర్ స్టోర్' అంటే విడిపోయిన చెవినీ కప్పనూ కలుపుతుంది. చెవి ఆ యంత్రంలో ఎక్కడైనా ఉంటే. మేనల్లుడు మంత్రం వేశాడు. స్మార్ట్ కార్డు పెట్టమని ఒక కిటికీ తెరుచుకుంది.

"ఏ కార్డురా?"

"తెలీదు మావయ్యా."

"రేషన్ కార్డు ఉంది, తేనా?"

వాడు నవ్వలేదు. కాసేపు తెరకేసి చూసి, గొంతు తగ్గించి, "మావయ్యా, మొదటి రిక్వెస్టులో మనూరి పేరు తప్పు కొట్టానని దాన్ని తీసేసి రెండోది పెట్టాను కదా. కంపెనీకి పంపింది ఏది?" అన్నాడు.

పంపింది మొదటిదే. తీసేసినప్పుడే దాని చెవీ పోయింది. తప్పు మాదే. ఇష్యూ మా ఎండ్‌లోనే ఉన్నది. మూలకర్త సత్యవాక్కు!

ఊరిపేరు సంగతి కూడా చెప్పాలి. రిక్వెస్టులో ఊరు, రాష్ట్రం, సంస్థ, అందులో శాఖ అని గడులుంటాయి. కశింకోటను ఇంగ్లీషులో ఎలా రాయాలి? దొరల కాగితాల్లో 'సి'తోనూ ఉంది, 'కె'తోనూ ఉంది. మధ్యలో 'ఎన్' పెట్టేవారు కొందరు, 'ఎమ్' పెట్టేవారు కొందరు. జిల్లా పెట్టాలంటే 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం, ఆనాటి నుంచి అనకాపల్లి. శాఖ అనే గడిలో ఏం రాయాలో అరగంట తర్జనభర్జన పడి 'తెలుగు' అని రాశాం. తీరా చూస్తే, మేం కొన్న చవకరకం సర్టిఫికెట్‌లో పేరు తప్ప ఇవేవీ ఉండవు. ఊరు, రాష్ట్రం, సంస్థ, అన్నీ అవతల చెరిపేస్తారు. శాఖ అనే గడిని 2022 సెప్టెంబరు నుంచి ఏ రకంలోనూ ఉంచకూడదన్నారు. ఎవరూ చదవని ఒక్క అక్షరం దిద్దబోయి చెవి పారేసుకున్నాం. అక్షరదోషం సహించలేకపోవడం మావాడికి నా దగ్గర అబ్బిన రోగం.

చెక్ చేసి కన్ఫర్మ్ చేయగలరు: ఇదీ నేను వస్తున్నానన్న చోటు. కలుగు ధాతువు సామర్థ్యం చెబుతుంది. 'ఆయన ఈదగలరు' అంటే ఆయనకు ఈత వచ్చునని. దాన్ని మన ఆఫీసులవారు ఆజ్ఞకు ముసుగు చేశారు. హాజరు కాగలరు. గమనించగలరు. సహకరించగలరు. 'రండి' అంటే పిలిచినవాడొకడు కనబడతాడు, 'దయచేసి చూడండి' అంటే అడిగినవాడొకడు కనబడతాడు. 'చూడగలరు' అంటే ఎవడూ కనబడడు, మన శక్తి మీద వారికున్న అపారమైన నమ్మకం తప్ప. ముప్ఫై ఏళ్ళు పిల్లల ఉత్తరాల్లో ఈ మాట ఎర్రసిరాతో కొట్టేశాను. కొట్టేయించుకున్నవాళ్ళే పెద్దయి ఇప్పుడు నాకు రాస్తున్నారు.

చేయగలిగితే మీకెందుకు రాస్తాం నాయనా? అవతల ఒక మనిషి ఆరు రోజులుగా ఎరుపు చూస్తూ, విరాళం పంపితే దొంగలపాలవుతుందని ఆగిపోయాడు. ఇద్దరు పిల్లల ఫీజు గడువు దాటింది. 'జాబితాలోంచి మాయమైందంటే ప్రైవేట్ కీ లేదని. రిక్వెస్టు మళ్ళీ చేసి పంపండి, డబ్బక్కర్లేదు, మళ్ళీ ఇస్తాం.' చెప్పవలసింది ఇంతే. ఇది తెలిసినవాడు ఆ విభాగంలో కచ్చితంగా ఉన్నాడు. రోజుకు పదిమందికి ఇదే జరుగుతుంది. తెలిసి చెప్పకుండా, నిజమే అయినా ఎవరికీ పనికిరాని మాట ఒకటి గంభీరంగా రాసి టికెట్ మూసేయడం, ఇదీ నా కడుపుమంట.

తాత్పర్యము

ఓ అయ్యా! మేము ఇవ్వవలసినది ఇచ్చితిమి. నీ దగ్గర ఉండవలసినది ఏదో లేదు. అదేదో మాకు తెలియును. నీవు కనుక్కొనుము అని భావము.

ఫలశ్రుతి

కొత్త రిక్వెస్టు పంపిన ఇరవై నిమిషాలకు కొత్త సర్టిఫికెట్ వచ్చింది. ఈసారి ఎఫ్5 నొక్కినా పోలేదు. ఫైలుతో వచ్చిన మధ్యవర్తి పత్రాన్నీ దాని స్థానంలో పెట్టాక శిష్యుడికి ఫోన్ చేశాను.

"ఇప్పుడు బాగానే వస్తందండి. అయినా మాస్టారూ, నేను మొన్ననే డబ్బు పంపేసినానండి. ఆ ఎర్రదాంట్లో కిందకెల్తే 'ముందుకు పోవచ్చు' అని చిన్నక్షరాలుంటాయండి, మా అబ్బాయి చూపించేడు. ఇప్పుడు ఏ సైటులో ఎరుపొచ్చినా అదే నొక్కేస్తన్నాను."

ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మా మరుపు వల్ల వాడు నేర్చుకున్న విద్య అది. రేపు నిజంగా దొంగే వచ్చినా వాడికి అదే ఎరుపు, అవే చిన్నక్షరాలు కనబడతాయి.

మా సైటు గడువు తేదీని వంటింటి కేలండర్లో పాల లెక్క పక్కన ఎర్రసిరాతో రాశాను. విరాళం పంపేవారికి ఒక్క మనవి. మా సైటులో ఎరుపు కనిపిస్తే ఆ చిన్నక్షరాలు నొక్కకండి, నాకు ఫోన్ చేయండి. తెల్లవారి అయిదున్నరకైనా ఫర్వాలేదు, ఆ వేళకు లేచే ఉంటాను.